నాక్సోస్ దీవికి ఎలా వెళ్లాలి, అక్కడ ఏం చూడాలి, ఏం తినాలి

గ్రీస్ దీవి అనగానే మనవాళ్లలో చాలామందికి సాంటోరిని ఒక్కటే గుర్తొస్తుంది. తెల్లగోడలు, నీలం గుమ్మటాలు, సూర్యాస్తమయం ముందు ఒక ఫోటో. దాన్ని వద్దనను. కానీ మీ చేతిలో ఆరేడు రోజులుంటే అందులో నాలుగైదు నాక్సోస్‌కి ఇవ్వండి. సాంటోరిని నుంచి ఓడలో రెండు గంటల లోపు దూరం. సైక్లడీస్ అనే ఈ దీవుల గుంపు మొత్తంలోకీ పెద్దది, సుమారు 430 చదరపు కిలోమీటర్లు. దీనికి బీచ్‌లున్నాయి, దానితో పాటు పొలాలున్నాయి, పశువులున్నాయి, వెయ్యి మీటర్ల కొండ ఉంది, ఏడాది పొడవునా జనం కాపురముండే ఊళ్లున్నాయి. మీరు తినే బంగాళాదుంప, చీజ్, ఆలివ్ నూనె ఆ కొండల మధ్య నుంచి వచ్చినవే.

నేను అమ్మని తీసుకుని సెప్టెంబరులో వెళ్లాను. అమ్మ పూర్తి శాకాహారి, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. అందుకే ఈ వివరాల్లో మెట్ల సంగతి, తిండి సంగతి కాస్త ఎక్కువగా ఉంటాయి. ఒక్కమాట మాత్రం ముందే చెబుతాను. నాక్సోస్‌లో సముద్రం వైపే చూస్తూ కూర్చుంటే సగం దీవే చూసినట్టు. రెండో రోజు నుంచి సముద్రానికి వీపు పెట్టి కొండల్లోకి వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలి, ముందుగా ఏం చేసుకోవాలి

మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం మంచి కాలం. నా ఓటు సెప్టెంబరుకే. వేసవంతా కాగిన సముద్రం అప్పటికి బాగా వెచ్చగా ఉంటుంది, జనం తగ్గుతారు. మేలో కొండలు పచ్చగా, పూలతో ఉంటాయి కానీ నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి కొడుతుంది. ఇసుక కళ్లలో పడుతుంది, చిన్న ఓడలు ఆగిపోతాయి, గదుల అద్దెలు కూడా ఎక్కువే. చలికాలంలో టూరిస్టుల హోటళ్లు చాలావరకు మూసేస్తారు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసా కావాలి. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నా సరే, పాస్‌పోర్టు మనదే అయితే వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం తప్పనిసరి. కారు నడపాలని ఉంటే ఇక్కడి నుంచే ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి. మన లైసెన్సు ఒక్కటే చాలదు. అక్కడ బండ్లు రోడ్డుకి కుడి వైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమ వైపున ఉంటుంది, కొండ రోడ్ల మీద మలుపులు ఎక్కువ. దానికి సిద్ధంగా ఉండండి.

ఏథెన్స్ నుంచి ఓడ ఎక్కడం

ఏథెన్స్ నుంచి నాక్సోస్‌కి చిన్న విమానాలున్నాయి, ముప్పావు గంటలో దింపేస్తాయి. అయినా వెళ్లేటప్పుడు మాత్రం ఓడ ఎక్కండి. పెద్ద ఓడ అయిదున్నర గంటలు తీసుకుంటుంది, ఫాస్ట్ ఫెర్రీ నాలుగు గంటల లోపే చేరుస్తుంది. అలలకి కడుపులో తిప్పే మనుషులైతే నెమ్మదిగా వెళ్లే పెద్ద ఓడే మేలు. అది తక్కువ ఊగుతుంది, పై డెక్ మీద గాలికి కూర్చోవచ్చు, టికెట్ కూడా చవక.

ఓడలు బయల్దేరేది పిరేయస్ రేవు నుంచి. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో మూడో లైను నేరుగా పిరేయస్ దాకా వెళ్తుంది, గంట పడుతుంది. రేవు చాలా పెద్దది. మీ ఓడ ఏ గేటు దగ్గర ఉందో టికెట్ మీదో, ముందురోజు వచ్చే మెసేజీలోనో చూసుకుని గంట ముందే చేరండి. పెట్టెలు లాక్కుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాల్సి వస్తే మొదటి రోజే ప్రాణం విసిగిపోతుంది.

ఓడ ఎక్కడం మొదటిసారి వెళ్లేవాళ్లకి కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. వెనక భాగంలో పెద్ద తలుపు కిందికి దిగి ఉంటుంది. లారీలు, కార్లు, మనుషులు అందరూ అందులోంచే ఎక్కుతారు. లోపలికి వెళ్లగానే గోడల వెంట సామాన్ల అరలు, ఒక్కోదాని మీద ఒక్కో దీవి పేరు కనిపిస్తాయి. మీ పెట్టెను నాక్సోస్ అరలోనే పెట్టండి. పాస్‌పోర్టు, డబ్బు, మందులు మాత్రం చేతి సంచిలో పైకి తీసుకెళ్లండి. చాలా ఓడలు ముందు పారోస్ దీవిలో ఆగుతాయి, తర్వాత నాక్సోస్. పారోస్‌లో జనమంతా లేచేసరికి మనమూ లేచి కంగారు పడనక్కర్లేదు. నాక్సోస్ పేరు మైకులో వినిపించగానే మాత్రం కిందికి వెళ్లి నిలబడాలి. ఆ కింది గదిలో డీజిల్ వాసన, గొలుసుల చప్పుడు. ఓడ ఇంకా వెనక్కి వస్తుండగానే తలుపు మెల్లగా కిందికి వాలుతుంది, చీకట్లో నిలబడ్డ మన కళ్ల మీద ఎండ ఒక్కసారిగా పడుతుంది. ఓడ ఆగేది కొద్ది నిమిషాలే. పెద్దవాళ్లు ఉంటే వాళ్ల చెయ్యి పట్టుకోండి, పెట్టె సంగతి తర్వాత.

ఎక్కడ బస చేయాలి

దీవి ముఖ్య పట్టణాన్ని హోరా అంటారు. కారు లేనివాళ్లు అక్కడే ఉండండి. రేవు, బస్సులు, హోటళ్లు అన్నీ నడకలో ఉంటాయి. పాత ఊళ్లో, కోట దిగువన ఉన్న గదులు చూడ్డానికి చాలా బాగుంటాయి కానీ అక్కడికి కార్లు పోవు, అన్నీ మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఊరి దక్షిణాన ఉన్న అగియోస్ జియోర్జియోస్ బీచ్ పక్కన గది తీసుకోవాలి. మేం అదే చేశాం. పొద్దున అమ్మ కాళ్లు తడుపుకుంటూ ఒడ్డు వెంట నడిచి వచ్చేది, నేను కాఫీ దగ్గర కూర్చునేదాన్ని.

అక్కడ టాయిలెట్ పేపర్‌ని కమోడ్‌లో వెయ్యకూడదు, పక్కన ఉన్న బుట్టలోనే వెయ్యాలి. పైపులు సన్నగా ఉంటాయి. దీవుల్లో చాలాచోట్ల ఇదే పద్ధతి.

మొదటి సాయంత్రం: పోర్తారా

సామాను గదిలో పెట్టి, సూర్యాస్తమయానికి గంట ముందు రేవు ఉత్తరపు చివరికి నడవండి. పలాతియా అనే చిన్న లంక మీద ఒంటరిగా ఒక పాలరాతి ద్వారం నిలబడి ఉంటుంది. అదే పోర్తారా. లంకకి ఊరి నుంచి రాతి కట్ట ఉంది, దాని మీద నడిచి వెళ్లొచ్చు. గాలి ఉన్న రోజు అలలు కట్ట మీదికి ఎగిరిపడతాయి, చెప్పులు తడుస్తాయి.

క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్డామిస్ అనే పాలకుడు అపోలో దేవుడికి పెద్ద గుడి మొదలుపెట్టాడు. అతని అధికారం పోయాక పని ఆగిపోయింది. తర్వాతి కాలంలో ఇటలీలోని వెనిస్ నుంచి వచ్చిన వెనీషియన్లు గుడి రాళ్లను మోసుకెళ్లి కోట కట్టుకున్నారు. ఈ ద్వారం రాళ్లు ఒక్కోటి 20 టన్నుల దాకా ఉంటాయి, అందుకే కదల్చలేక వదిలేశారని చెబుతారు. దాని ముందు నిలబడితే ఆరు మీటర్ల ఎత్తు పైకి చూస్తూ మెడ నొప్పి పెడుతుంది. అందరూ ద్వారంలోంచి సూర్యుడు కనిపించేలా ఫోటో తీసుకోవడానికి ఎగబడతారు. మీరు ఫోటో అయ్యాక వెళ్లిపోకండి. పావుగంటలో జనం హోటళ్ల వైపు దిగిపోతారు. ఆ తర్వాత రాయి రంగు గులాబీ నుంచి బూడిదకి మారుతుంటే అక్కడ గాలి చప్పుడు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు చూడాలి దాన్ని.

గ్రీకుల కథ ప్రకారం థీసియస్ అనే వీరుడు తనకోసం అన్నీ వదులుకుని వచ్చిన అరియాడ్నిని ఈ దీవి ఒడ్డునే నిద్రలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆమెను ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ పెళ్లాడాడు. అమ్మకి ఈ కథ చెబితే ‘నిద్రలో వదిలేసి పోయాడా, నలుడిలాగా’ అంది. నాకు అప్పటిదాకా ఆ పోలికే తట్టలేదు.

మర్నాడు పొద్దున: పాత ఊరు, కోట

ఎండ ముదరకముందే, తొమ్మిది లోపు పాత ఊళ్లోకి వెళ్లండి. మ్యాప్ చూడకండి, ఎలాగూ పనిచేయదు. సందులు మనిషి వెడల్పున ఉంటాయి, కొన్ని ఇళ్ల కింద నుంచి సొరంగంలా పోతాయి. పైకి ఎక్కే ప్రతి దారీ చివరికి కాస్త్రోకి చేరుతుంది. కాస్త్రో అంటే కోట. 1207లో మార్కో సానుడో అనే వెనీషియన్ ఈ దీవిని పట్టుకుని, ఇక్కడి నుంచి చుట్టుపక్కల దీవులను ఏలాడు. ఆ పాలన 1566లో ఒట్టోమన్ తురుష్కులు వచ్చేదాకా నడిచింది. పైన ఇప్పటికీ కాథలిక్ చర్చి ఉంది, పాత కుటుంబాల చిహ్నాలు చెక్కిన గుమ్మాలున్నాయి.

ఉత్తరం వైపు పెద్ద ద్వారం దగ్గర ఆగి కుడివైపు స్తంభం చూడండి. నిలువుగా ఒక గాటు ఉంటుంది. బట్టల వర్తకులు గుడ్డ కొలవడానికి వాడిన వెనీషియన్ గజం కొలత అది. నేను చెయ్యి చాచి పెట్టి చూశాను. మన పాత దుకాణాల్లో బల్ల అంచుకి కొట్టిన ఇత్తడి గజం బద్ద గుర్తొచ్చింది. మ్యూజియం కూడా కోటలోనే ఉంది. ఆ రోజు తెరుస్తున్నారో లేదో హోటల్లో అడిగి వెళ్లండి.

మెట్లు ఎక్కలేనివాళ్లు దిగువన ఉన్న పాత బజారు వీధితో ఆగిపోయినా ఏమీ కాదు. చీజ్, ఎండు ఒరెగానో ఆకు, తేనె అమ్మే కొట్లు అక్కడే ఉంటాయి.

కొండ ఊళ్లు: దీనికి రెండు రోజులు కావాలి

రేవు ఎదురుగా బస్సులు ఆగుతాయి. టికెట్ బస్సెక్కకముందే స్టాండు దగ్గరో, కొట్లోనో కొనుక్కోవాలి. కొండ ఊళ్లకి బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే ఫోటో తీసి పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు ఉంటే ఒక రోజుకి కారు అద్దెకి తీసుకోవడమే సులువు.

ముందుగా సంగ్రి దగ్గర ఉన్న డిమెత్రా గుడికి వెళ్లండి. డిమెత్రా పంటల దేవత. చుట్టూ ఇప్పటికీ పొలాలే, దూరంగా మేకల గంటలు వినిపిస్తాయి. క్రీ.పూ. 530 ప్రాంతపు ఈ గుడి మొత్తం పాలరాయే, పైకప్పు పెంకులు కూడా. పల్చగా కోసిన ఆ పెంకుల్లోంచి లోపలికి మెత్తటి వెలుగు దిగేదట. తర్వాత దాని రాళ్లతోనే చర్చి కట్టారు. మళ్లీ మన కాలంలో పురావస్తు శాఖవాళ్లు రాళ్లను ఏరి కొంతభాగం నిలబెట్టారు. కొత్తగా పెట్టిన ముక్క తెల్లగా, పాతది తేనె రంగులో తెలుస్తుంటుంది. నీడ తక్కువ, టోపీ మర్చిపోవద్దు.

అక్కడి నుంచి హల్కి. ఆలివ్ తోటల మధ్య చిన్న ఊరు, ఒకప్పుడు దీవికి ముఖ్య పట్టణం. ఇక్కడ 1896 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న వల్లిండ్రాస్ బట్టీ ఉంది. కిత్రో అనే చెట్టు ఆకులతో సారా కాస్తారు, దాన్ని కిత్రోన్ అంటారు. కిత్రో అంటే మరేం కాదు, మన దబ్బకాయ జాతి చెట్టే. లోపల నల్లబడ్డ రాగి బట్టీ, గాజు జాడీలు, పాత సీసాలు చూపిస్తారు. కిత్రోన్ మూడు రంగుల్లో దొరుకుతుంది. ఆకుపచ్చది బాగా తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. పసుపుది ఘాటు, తీపి తక్కువ. రంగు లేనిది మధ్యస్థం. చిన్న గ్లాసుల్లో రుచి చూపిస్తారు. అమ్మ తాగలేదు కానీ బల్ల మీద ఉన్న ఆకును అడిగి తీసుకుని నలిపి వాసన చూసింది. ‘దబ్బాకే! మజ్జిగలో వేస్తామే, అదే’ అంది. అక్కడి అమ్మాయికి మజ్జిగ అంటే ఏమిటో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ కాయ తొక్కని పంచదార పాకంలో ఉడికించి చెంచాతో తినే తీపి కూడా అమ్ముతారు. మందు వద్దనేవాళ్లు అది కొనుక్కోండి.

హల్కికి దగ్గర్లో, మోని ఊరి దారిలో పనగియా ద్రోసియాని అనే రాతి చర్చి ఉంది. బయటి నుంచి రాళ్ల కుప్పలా, పుట్టలా ఉంటుంది. లోపల గోడల మీద ఆరు, ఏడు శతాబ్దాల నాటి చిత్రాలున్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుని వెళ్లాలి. చున్నీ ఒకటి బ్యాగులో పెట్టుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది.

తర్వాత ఫిలోతి. చెట్టు కింద కాఫీ కొట్లు, పేపరు చదివే ముసలివాళ్లు. ఓపిక ఉన్నవాళ్లు ఇక్కడి నుంచి జాస్ కొండ ఎక్కొచ్చు. జాస్ అంటే గ్రీకు దేవతల రాజు జ్యూస్, చిన్నప్పుడు ఇక్కడే పెరిగాడని నమ్ముతారు. ఎత్తు 1,004 మీటర్లు, సైక్లడీస్ దీవుల్లో ఇంతకు మించిన కొండ లేదు. రెండు దారులున్నాయి. అరియా ఊట దగ్గర మొదలయ్యేది గుహ మీదుగా నిటారుగా పోతుంది. అగియా మరీనా చిన్న గుడి దగ్గర మొదలయ్యేది సులువు, గంటన్నరలో ఎక్కొచ్చు. ఈ రెండో దారిలో ఒక బండ మీద ‘మందలను కాచే జ్యూస్ కొండ’ అన్న అర్థం వచ్చే ప్రాచీన అక్షరాలు చెక్కి ఉంటాయి, వెతుక్కుంటూ వెళ్లండి. మనిషికి లీటరున్నర నీళ్లు, మంచి బూట్లు ఉండాలి. ఎండ ముదిరాక, గాలి ఎక్కువగా ఉన్న రోజున ఎక్కొద్దు.

నాకు అన్నిటికంటే నచ్చింది అపిరాంథోస్. వీధులన్నీ పాలరాతి పలకలే, తరతరాలు నడిచి అరిగి నున్నగా మెరుస్తుంటాయి. వాన పడితే జారతాయి, జాగ్రత్త. ఇక్కడివాళ్ల పూర్వీకులు క్రీట్ దీవి నుంచి వచ్చారని చెప్పుకుంటారు. యాస వేరు, అప్పటికప్పుడు కట్టి పాడే రెండు పాదాల పాటలు వేరు. వాటిని కొత్సాకియా అంటారు, మన ఆశుకవిత్వంలా ఒకరు అంటే ఒకరు అందుకుంటారు. 1941 మే 30న ఏథెన్స్‌లోని పాత గుళ్ల కొండ అక్రోపోలిస్ మీది నాజీ జెండాను తోడు మనిషితో కలిసి దింపేసిన మనోలిస్ గ్లెజోస్ పుట్టింది ఈ ఊళ్లోనే. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు. చుట్టుపక్కల కొండల్లో ఎమరీ గనులుండేవి. మనం హార్డ్‌వేర్ షాపులో అడిగే ఎమరీ పేపర్‌కి ఆ పేరు ఈ రాయి నుంచే వచ్చింది. రాళ్లను తీగల మీద వేలాడే తొట్లలో కొండ దించి, ముత్సునా రేవు నుంచి ఓడల్లో పంపేవారు. ఆ స్తంభాలు ఇప్పటికీ కొండవాలున తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి.

పడుకున్న విగ్రహాలు

ఉత్తరాన అపొలోనాస్ ఊరి పైన పాత రాతి గనిలో ఒక మహాకాయుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పొడవు 10.7 మీటర్లు. రెండువేల ఆరువందల ఏళ్ల కిందట కొండ నుంచి విగ్రహాన్ని మలుస్తుండగా రాయి బీటవారింది, పని అక్కడే వదిలేశారు. మెట్లు కాసిన్నే ఉంటాయి. దగ్గరికి వెళ్లి వంగి చూడండి. గడ్డం ఆకారం తెలుస్తుంది, చేతులు ఇంకా దిమ్మల్లాగే ఉన్నాయి, ఒళ్లంతా ఉలి గుంతలు పక్కపక్కన చుక్కల్లా ఉన్నాయి. వాటిలో వేలు పెడితే, రాతి మీద ఉలి ఏ కోణంలో దిగిందో తెలుస్తుంది. మహాబలిపురంలో సగంలో ఆగిపోయిన రథాల దగ్గర కూడా నాకు ఇలాగే అనిపించింది, పనివాళ్లు భోజనానికి వెళ్లారు, వచ్చేస్తారు అన్నట్టు. హోరా నుంచి ఇక్కడికి కొండదారిలో గంటకు పైనే పడుతుంది. అంత దూరం వద్దనుకుంటే మెలానెస్ దగ్గర ఫ్లెరియోలో ఇలాంటివే ఇంకొంచెం చిన్నవి రెండున్నాయి, ఒకటి తోటలోనే పడుకుని ఉంది.

ఏం తినాలి, ఎలా అడగాలి

నాక్సోస్ బంగాళాదుంపకి ఐరోపాలో భౌగోళిక గుర్తింపు ఉంది, మన బందరు లడ్డూకి జీఐ ఉన్నట్టు. అందుకే ఏ టావెర్నాలో, అంటే అక్కడి భోజన హోటల్లో కూర్చున్నా ముందు వేయించిన బంగాళాదుంప చెప్పండి. తోటలోదే, ఇక్కడిదే అయితే ముక్కలు చేత్తో కోసినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి. హల్కి నుంచి వస్తూ మేం ఆగిన చిన్న టావెర్నాలో ఒక పెద్దావిడ పళ్లెం తెచ్చి మా ముందే గట్టి చీజ్ తురిమింది. వేడికి తురుము అంచుల్లో కరిగి, మధ్యలో పొడిగా ఉండిపోయింది. పైన ఎండు ఒరెగానో నలిపి చల్లింది. అమ్మ మామూలుగా బయట తిండికి వంకలు పెడుతుంది. ఆ రోజు రెండో పళ్లెం తనే చెప్పింది.

చీజ్‌లో గ్రవియెరా ముఖ్యం. ఎక్కువగా ఆవుపాలతో చేస్తారు, కొంచెం తియ్యగా ఉంటుంది. అర్సెనికో అనేది మేక, గొర్రె పాలతో చేసి మాగబెట్టిన ఘాటు రకం. క్సినోమిజిత్రా మెత్తగా, పుల్లగా, గట్టి పెరుగు కట్టినట్టు ఉంటుంది. కొట్లో అడిగితే ముక్క కోసి రుచి చూపిస్తారు, మొహమాటపడకండి. ఖచ్చితంగా శాకాహారమే కావాలంటే ఒక సంగతి తెలుసుకోండి. ఇలాంటి సంప్రదాయ చీజ్‌లను దూడ, మేకపిల్లల కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో విరిచే పద్ధతి ఉంది. అడిగి నిర్ణయించుకోండి.

శాకాహారులకి గ్రీస్ కష్టమైన దేశం కాదు, పదాలు తెలియాలి అంతే. ‘హోరిస్ క్రేయాస్’ అంటే మాంసం లేకుండా. ‘నిస్తీసిమో’ అని అడిగితే చర్చి ఉపవాసపు వంట, అంటే మాంసం, పాలు, గుడ్డు లేనిది చెబుతారు. కానీ వాళ్ల ఉపవాసంలో ఆక్టోపస్, రొయ్యలు తినొచ్చు. అందుకని పళ్లెంలో ఏముందో విడిగా అడగండి. యిగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటా, మిరపకాయల్లో అన్నం కూరి ఓవెన్‌లో పెట్టే యెమిస్తా, వంకాయ, గుమ్మడి జాతి కాయలు, ఆలుగడ్డలు కలిపి నూనెలో మగ్గించిన బ్రియామ్, ముద్దపప్పు లాంటి ఫావా, ఇవన్నీ అన్నం తినే మనిషికి కడుపు నింపుతాయి. యెమిస్తాలో ఒక్కోచోట ఖైమా కూడా కలుపుతారు, అడగండి. కారం ఉండదు. అమ్మ సంచిలో చిన్న డబ్బాలో కందిపొడి ఉండేది. ఫావాలో కాస్త చల్లుకుంది, నేనూ అడిగి తీసుకున్నాను.

మాంసం తినేవాళ్లు రోస్తో చెప్పుకోండి. వెల్లుల్లి కూరిన పంది మాంసాన్ని టమాటా, వైన్‌లో ఉడికిస్తారు. పాతూదో అనేది కడుపులో దినుసులు కూరి వండిన మేకపిల్ల లేదా గొర్రెపిల్ల, ఈస్టర్ పండగ వంట. చేపలు కిలో లెక్కన అమ్ముతారు. ముందు చేప చూపించమని, తూచి ధర చెప్పమని అడగండి, అక్కడ అది మామూలే. రొట్టె అడగకపోయినా తెస్తారు, బిల్లులో కొద్దిగా పడుతుంది. పళ్లాలన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకు తినడమే పద్ధతి కాబట్టి నలుగురుంటే నాలుగు కాదు, ఆరేడు చిన్న పళ్లాలు చెప్పండి. రాత్రి భోజనం తొమ్మిదికి మొదలవుతుంది. మన పెద్దవాళ్లకి ఏడుకే ఆకలేస్తుంది కాబట్టి వెళ్లి కూర్చోండి, హోటలంతా ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది.

కాఫీ సంగతి. వేడి గ్రీకు కాఫీ చిన్న కప్పులో మడ్డితో సహా ఇస్తారు. అడుగుదాకా తాగకూడదు. ఎంత చక్కెర కావాలో ముందే చెప్పాలి: స్కెతో అంటే వద్దు, మెత్రియో అంటే కొంచెం, గ్లికో అంటే తీపిగా. తీపి కావాలంటే గలక్తొబూరెకో తినండి, పొరల మధ్య పాలు, రవ్వ కలిపిన కస్టర్డ్, పైన పాకం.

ఇంకో ముఖ్యమైన సంగతి. గ్రీకులో ‘నే’ అంటే అవును. హిందీ అలవాటున్న చెవికి అది ‘నహీ’లా వినిపిస్తుంది, రెండు రోజులు తికమక తప్పదు. కాదు అనడానికి ‘ఓహి’ అంటారు. మాట లేకుండా నాలుకతో ‘చ్’ అని తల పైకి ఎగరేస్తే లేదని అర్థం. అది మన పల్లెటూళ్లలో చేసినట్టే, నేర్చుకోవాల్సిన పనే లేదు.

బీచ్‌లు

హోరాకి దక్షిణాన పశ్చిమ తీరం చాలావరకు ఇసుకే. అగియోస్ ప్రొకోపియోస్, అగియా అన్నా, ప్లాకా వరసగా ఉంటాయి, హోరా నుంచి బస్సులు తరచుగా వెళ్తాయి. నాకు నచ్చింది ప్లాకా. పొడవుగా ఉంటుంది, కాస్త నడిస్తే జనం పల్చబడతారు. ఒక సంగతి, ప్లాకాలో కొంత భాగంలో కొందరు బట్టలు లేకుండా ఉంటారు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఊరికి దగ్గరి వైపు కూర్చోండి. గాలి ఆటలు నేర్చుకోవాలనుకునే పిల్లలకి మిక్రి విగ్లా.

తిరుగు ప్రయాణం

ఇది మాత్రం తప్పకుండా పాటించండి. నాక్సోస్ నుంచి ఓడ దిగిన రోజే ఏథెన్స్‌లో ఇంటి విమానం పెట్టుకోకండి. గాలి హద్దు మీరితే కోస్ట్‌గార్డ్ ఓడలు ఆపేస్తుంది, ఎవరూ ఏమీ చెయ్యలేరు. మా ఓడ అలాగే ఒక పూట ఆగింది. రేవులో బల్ల మీద అమ్మ పెట్టెకి ఆనుకుని నిద్రపోయింది. నేను ఫోన్లో టైములు చూస్తూ కూర్చున్నాను. చేతిలో ఒక రోజు మిగిలి ఉండబట్టి బతికాం. ఓడలు ఆగితే డబ్బు వాపసు ఇస్తారు, లేదా తర్వాతి ఓడకి మారుస్తారు. టికెట్ కొన్నచోట అడగండి.

కిత్రోన్ సీసా కొంటే చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టాలి, చేతి సంచిలో రానివ్వరు. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల మద్యం వరకు డ్యూటీ లేదు. చీజ్ అక్కడే తినేయండి. ఓడ కదిలేటప్పుడు పై డెక్ మీద ఉండండి. రేవు దాటుతుండగా పోర్తారా చాలాసేపు కనిపిస్తుంది.